మేం పిడుగు అని పిలిచిన ఆటగాడు

గుంటూరులో ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడి నుంచే రిటైరయ్యాను. ఇప్పటికీ డెస్కుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి అడిగేది ఒక్కటే. “సార్, హెడ్డింగు అదిరిపోవాలంటే ఏం చేయాలి?”

అదరగొట్టే హెడ్డింగులు పెట్టడం మా తరానికి బాగానే వచ్చు. దాని సంగతి చెప్పాలంటే నాగేశ్వరరావు అనే కబడ్డీ ఆటగాడి గురించి చెప్పాలి. నా ఉద్యోగంలో ప్రమోషన్లూ బదిలీలూ అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. అవి చెప్పుకోదగ్గవి కావు. ఈ ఒక్క సంగతి మాత్రం రాసి పెట్టాలనిపించింది.

అరువు మాటలు

ఆటల పేజీకి సొంత మాటలు చాలా తక్కువ. గెలిచారు, ఓడారు, సమంగా ఆడారు. రోజూ ఇవే రాస్తే ఎవరు చదువుతారు? అందుకని భారతం దగ్గరికీ రామాయణం దగ్గరికీ వెళ్తాం. ఒంటరిగా పోరాడినవాడు అభిమన్యుడు. బాగా ఆడి ఓడినవాడు కర్ణుడు. శ్రీలంక మీద గెలిస్తే కళ్లు మూసుకుని ‘లంకాదహనం’ అని పెట్టేవాళ్లం. పురాణాలు అయిపోతే ఆకాశం వైపు చూసేవాళ్లం. సుడిగాలి, ఉప్పెన, తుఫాను, పిడుగు. జనాన్ని చంపే మాటలన్నీ మా పేజీలో పొగడ్తలు.

మా డెస్క్ ఇన్‌ఛార్జి సాంబశివరావు గారు ఈ విద్యలో ఆరితేరినవారు. నేను చేరిన కొత్తలోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు.

“చూడు మూర్తీ, ఆటలో ఎవరూ చావరు. అందుకని చావు మాటలన్నీ మనం ధైర్యంగా వాడుకోవచ్చు. పక్కన క్రైం వార్తలు చూసేవాళ్లకి ఆ అదృష్టం లేదయ్యా.”

ఆ మాట నాకు ఎంతో తెలివైనదిగా అనిపించింది. ఆ తర్వాత ఒక ఏడాది పత్తి తీసే వేళకు తుఫాను పట్టింది. పగిలిన కాయలు పగిలినట్టే తడిసి, చేలల్లో గింజలు మొలకెత్తాయి. అదే వారంలో ఎవరో క్రికెటర్ సెంచరీ కొడితే మేం ‘తుఫాను సృష్టించాడు’ అని పెద్ద అక్షరాల్లో వేశాం. పొద్దున్నే ఒక రైతు ఆఫీసుకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. “మా పత్తిని ముంచినదాని పేరూ, మీ క్రికెట్ ఆయన పేరూ ఒకటే వేశారేంటి బాబూ?” అన్నాడు. నేను ఏదో చెప్పబోయేసరికి, “ఏం లేదులే, చూసి బాధనిపించి చేశా” అని పెట్టేశాడు.

సాంబశివరావు గారికి చెబితే నవ్వారు. “మాట అందరిదీనయ్యా. ఒక్కళ్లది కాదు” అన్నారు. అదీ నిజమే.

ఇద్దరు ఆటగాళ్లు

ప్రత్తిపాడు పక్క పల్లె నాగేశ్వరరావుది. మిరప, పత్తి వేసే చిన్న రైతు. కబడ్డీలో కూతకు వెళ్లాడంటే కూత మన చెవిన పడేలోపు అవతలి వాణ్ణి తాకి గీత దాటి వచ్చేసేవాడు. ఒక టోర్నమెంటులో అతని ఆట చూసి వచ్చిన సాంబశివరావు గారు కుర్చీలో కూర్చోకుండానే కాగితం మీద రాశారు, ‘పిడుగు’ అని. ఆ రోజు నుంచి మా పేజీలో అతనికి వేరే పేరు లేదు. కొన్నాళ్లకు పల్లెలో కూడా లేకుండా పోయింది.

పొదిలి జట్టులో వెంకటేశ్వర్లు అని ఉండేవాడు. కందీ పొగాకూ పండించే మెట్ట రైతు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అతను తొడ పట్టాడంటే ఎవరూ విడిపించుకోలేరు. అతనికి భీముడు అని పేరు పెట్టాం. ఈ రెండు జట్లూ తలపడితే కురుక్షేత్రం. అటువాళ్లూ ఇటువాళ్లూ ట్రాక్టర్ల మీద వచ్చి గొంతులు పోయేలా అరిచేవాళ్లు. ఒకసారి గొడవై తలలు కూడా పగిలాయి. మరుసటి రోజు మా పేజీ చూస్తే ఆ ఇద్దరూ ఒకళ్ల రక్తం ఒకళ్లు తాగేటట్టు ఉండేది.

నిజానికి వాళ్లు స్నేహితులు. ఆట అయ్యాక ఒకే పళ్లెంలో తినేవాళ్లు. ఒకసారి నేను వాళ్లిద్దరి పక్కనే కూర్చుని ఉండగా వెంకటేశ్వర్లు నవ్వుతూ, “ఏందిరా నాగేసూ, నేను నీకు బద్ధశత్రువునంట, పేపర్లో ఏశారు” అన్నాడు.

“మరి పగబట్టవేంట్రా? వాళ్లు కష్టపడి రాస్తుంటే!” అన్నాడు నాగేశ్వరరావు.

ఆ స్నేహం గురించి ఒక చిన్న ఐటెం రాసి ఇచ్చాను. సాంబశివరావు గారు చదివి పక్కన పెట్టారు. “బాగుంది. కానీ శత్రువులు కాదని తెలిస్తే ఎవరొస్తారయ్యా ఆట చూడటానికి?” అన్నారు.

ఆ ఉదయం

ఎండాకాలం. కల్లాల్లో మిరపకాయలు ఆరుతున్న రోజులు. ముందు రోజు నాకు వారపు సెలవు. మధ్యాహ్నం ప్రత్తిపాడు వైపు మబ్బు పట్టి గాలివాన వచ్చిందని విన్నానుగానీ, ఏం జరిగిందో తెలియదు. పొద్దున్నే పేపరు తీశాను. మా ఎడిషన్ మొదటి పేజీలో పెద్ద హెడ్డింగు.

‘పిడుగును కూల్చిన పిడుగు’

దాని కింద నాగేశ్వరరావు ఫొటో. టోర్నమెంటు గెలిచినప్పుడు చేతులు పైకెత్తిన పాత ఫొటో. అతనే పోయాడనుకున్నాను. రెండో పేరా చదివితేగానీ అర్థం కాలేదు. కల్లంలో మిరపకాయల మీద టార్పాలిన్ పట్టా కప్పుతుండగా పిడుగు పడింది. పోయింది అతని భార్య. అతను దుఃఖంతో కుప్పకూలాడట. అందుకని ఆ హెడ్డింగు. ఆ మాటల పొందిక చూడగానే అది సాంబశివరావు గారు పెట్టిందేనని నాకు తెలిసిపోయింది. ఆటగాడి వార్త కదా, హెడ్డింగు ఆయన్నే అడిగి ఉంటారు. అదే డెస్క్‌లో ఇన్నేళ్లు పనిచేసిన నేనే పొరపాటు పడ్డాను. ఇక మామూలు మనిషి సంగతేమిటి?

బస్సెక్కి వెళ్లాను. వాకిట్లో పందిరి వేశారు. ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఏడుస్తున్నారు. నాగేశ్వరరావు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు రోజు బట్టలే. మోకాళ్ల మీద ఎండిన బురద.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తూనే ఉన్నారు. చాలామంది పేపరు చూసి అతనే పోయాడనుకుని వచ్చినవాళ్లు. పందిరి కిందికి రాగానే గోడ దగ్గర అతను కనిపించేవాడు. కొందరి నోటి నుంచి ఆపుకోలేక “అమ్మయ్య!” అని వచ్చేది. ఆ వెంటనే మంచం వైపు చూసి నాలుక్కరుచుకునేవాళ్లు. భార్య శవం ఎదురుగా ఉండగా, నువ్వు పోలేదు కదా అని వచ్చిన ప్రతివాడూ ఊపిరి పీల్చుకుంటుంటే అతను వింటూ కూర్చున్నాడు.

కాస్త పొద్దెక్కాక వీధి మొదట్లో పెద్ద గొంతు వినిపించింది. “ఏడ పెట్టార్రా మా వోణ్ణి? ఏడ పెట్టారు?” అంటూ వెంకటేశ్వర్లు వస్తున్నాడు. పొదిలి నుంచి బస్సులు మారి వచ్చాడు. చేతిలో పెద్ద పూలదండ. కళ్లు వాచి ఉన్నాయి. అప్పటికింకా అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు. కనుక్కోవడానికి అతనికి వేరే దారి లేదు.

పందిరి కిందికి వచ్చి నాగేశ్వరరావును చూసి ఆగిపోయాడు. ఒక్క అంగలో వెళ్లి అతన్ని గోడ దగ్గర నుంచి లేపి గట్టిగా వాటేసుకున్నాడు.

“బతికే ఉండావా! ఒరేయ్ నాగేసూ, బతికే ఉండావురా నువ్వు!” అంటూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఎగురుతున్నాడు.

నాగేశ్వరరావు అతని భుజం మీద తల పెట్టి మెల్లగా అన్నాడు. “నేను కాదురా. మా ఇంటిది పోయింది.”

వెంకటేశ్వర్లు వెనక్కి తిరిగి చూశాడు. మంచం అప్పుడు కనిపించింది అతనికి. భుజం మీది కండువా తీసి నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడి, స్నేహితుడి కోసం తెచ్చిన దండ ఆమె పాదాల మీద పెట్టాడు. “నా నోరు పడిపోనమ్మా, తల్లీ” అని చాలాసేపు అక్కడే తల బాదుకున్నాడు.

దహనం అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. గొంతు తగ్గించే మాట్లాడాడు.

“మూర్తిగారూ, మా ఊళ్లో టీకొట్టు కాడ పేపరు చూశా. చూసినోళ్లంతా వీడే పోయాడన్నారు. దారి పొడుగునా వీడి కోసం ఏడ్చుకుంటా వచ్చా. వచ్చి చూస్తే బతికుండాడు. సంతోషం పట్టలేకపోయా. ఆ తల్లి శవం ముందర నవ్వానండీ నేను. నన్ను నవ్వించారండీ మీరు.”

ఆ హెడ్డింగు నేను పెట్టలేదని చెప్పడానికి నోరు రాలేదు. అతనికి మేమంతా ఒకటే. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

సాంబశివరావు గారి గురించి

మర్నాడు డెస్క్‌లో ఆయనకు ఇదంతా చెప్పాను.

“రెండో పేరాలో వివరంగానే ఉంది కదయ్యా” అన్నారు.

“రెండో పేరా దాకా ఎవరు చదువుతారండీ? అందుకే కదా హెడ్డింగు కోసం మీరు అంత కష్టపడేది?” అన్నాను. ఆయనతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సవరణ వేద్దామంటే, “వార్తలో తప్పు లేదు, ఏమని సవరిస్తాం?” అన్నారు.

ఆయన చెడ్డవాడని మీరు అనుకోకూడదు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా పేజీ కూడా ఆయనే చేసుకుని నన్ను పంపించిన మనిషి. వాక్యం ఎక్కడ కోయాలో, ఎక్కడ ఆపాలో నాకు నేర్పింది ఆయనే. కాకపోతే ఒక మాట ఇంకో మాటతో కలిసి మోగితే ఆగలేరు. ఆ సాయంత్రం వార్త రాగానే ఆయన చెవికి రెండు పిడుగులు కలిసి మోగి ఉంటాయి. వాటి మధ్యలో ఒక ఆడమనిషి పడి ఉందన్న సంగతి అప్పటికి ఆయనకు తట్టలేదు. డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు ఇది పెద్ద ప్రమాదం. చెడ్డవాళ్లకంటే మాట నేర్చినవాళ్లే ఇందులో త్వరగా పడతారు.

దసరా టోర్నమెంటు

కొన్ని నెలలు గడిచాయి. దసరాకు ప్రత్తిపాడు వైపు ఏటా జరిగే టోర్నమెంటు వచ్చింది. నాగేశ్వరరావు ఆడతాడా ఆడడా అని అందరికీ అనుమానం. జట్టు వాళ్లు ఇంటికి వెళ్లి బతిమాలారు. అతనికీ ఇంట్లో ఒక్కడే కూర్చోవడం కష్టంగా ఉండి సరే అన్నాడు.

ఆ సంగతి తెలియగానే సాంబశివరావు గారు ‘మళ్లీ గర్జించనున్న పిడుగు’ అని వార్త తయారు చేశారు. నేను వద్దన్నాను. “మనం మానేస్తే జనం మానేస్తారా?” అన్నారు. వార్త వచ్చింది. జనం కూడా ఎన్నడూ లేనంతగా వచ్చారు.

ఫైనల్లో అవతలి జట్టు పొదిలిదే. నాగేశ్వరరావు మొదటిసారి కూతకు లేవగానే మైకు పట్టుకున్నతను, “వస్తున్నాడు వస్తున్నాడు, పిడుగు వస్తున్నాడు!” అని అరిచాడు. డప్పులు మోగాయి. గ్రౌండంతా ఒకటే కేక, “పిడుగూ! పిడుగూ!” అని. వాళ్లు ప్రేమతోనే అరుస్తున్నారు. నేను గీతకు దగ్గరగా కూర్చున్నాను కాబట్టి అతని మొహం కనిపించింది. గీత దగ్గర నిలబడిపోయాడు. కేక వచ్చిన ప్రతిసారీ భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. కాసేపటికి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. జనం దాన్ని ఏదో ఉత్సాహం అనుకుని ఇంకా గట్టిగా అరిచారు.

అవతలి వైపు నుంచి వెంకటేశ్వర్లు కోర్టు దాటి బయటికి నడిచాడు. రిఫరీ విజిల్ వేస్తున్నా ఆగలేదు. నేరుగా వెళ్లి మైకు లాక్కున్నాడు.

“అయ్యా, ఒక్కమాట ఇనండి. వాడి పేరు నాగేశ్వరరావు. వాడి పెళ్లాం పిడుగు పడి పోయింది. మీకు తెలవంది కాదు. ఆ మాట అనబాకండి. నాగేసూ అని పిలవండి వాణ్ణి. మీ అందరికీ దండం పెడతా.”

డప్పులు ఆగిపోయాయి. జనం వెనక నుంచి ఒక ముసలాయన గొంతు వచ్చింది. “నాగేశ్వర్రావూ, కూతకెళ్లు నాయనా.”

నాగేశ్వరరావు చేతులు దించాడు. వంగి గీతకు దండం పెట్టుకుని లోపలికి వెళ్లాడు. “కబడ్డీ కబడ్డీ” అని కూత మొదలుపెట్టాడు. నాలుగు అడుగులు వేసేసరికి కోర్టు మధ్యలో కూత ఆగిపోయింది. పొదిలి ఆటగాళ్లు ఎవరూ అతన్ని పట్టుకోవడానికి రాలేదు. ఎక్కడివాళ్లు అక్కడ చేతులు వేలాడేసి నిలబడ్డారు. రిఫరీ ఔట్ ఇచ్చాడు. వెంకటేశ్వర్లు అతని భుజం మీద చెయ్యి వేసి, “పా, పోదాం” అంటూ గీత దాకా నడిపించుకొచ్చాడు.

నాగేశ్వరరావు కోర్టు బయటికి వచ్చి చొక్కా తొడుక్కుని ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

నేను ఆఫీసుకు వచ్చి నాలుగు వాక్యాలు రాశాను. పొదిలి జట్టు గెలిచింది. నాగేశ్వరరావు ఒక్కసారి కూతకు వెళ్లి ఆట విరమించుకున్నాడు. హెడ్డింగు ‘పొదిలి జట్టుకు కప్పు’. సాంబశివరావు గారు చదివి నావైపు చూశారు.

“ఉప్పూ కారం లేదేంటయ్యా?”

“అక్కడ జరిగింది అంతేనండీ.”

ఆయన మళ్లీ మొదటి నుంచి చదివారు. ఫొటో కింద వ్యాఖ్యలో ఫొటోగ్రాఫర్ రాసి పంపిన ‘పిడుగు’ అన్న మాట ఉంది. ఎర్ర పెన్నుతో దాన్ని ఆయనే కొట్టేసి పేజీ ప్రింటుకు వదిలారు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా ఆ మాట మా పేజీలో ఎవరికీ వాడలేదు.

కోటేశ్వరమ్మ

ఈ మధ్య ఒక శుభకార్యానికి ప్రత్తిపాడు వెళ్లి, నాగేశ్వరరావును చూడాలనిపించి వాళ్ల చేలోకి వెళ్లాను. ఇప్పుడు అతను మిరప వేయడం లేదు. అంతా పత్తే. నన్ను గుర్తుపట్టి గట్టు మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. వెంకటేశ్వర్లు ప్రతి ఏడూ ఆమె సంవత్సరీకానికి వస్తాడట. మొన్న ఎండాకాలంలో కూడా వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లాడట.

కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాడు.

“మూర్తిగారూ, ఒక సంగతి అడుగుదామని ఎప్పటి నుంచో ఉంది. నా పేరు ఎన్నోసార్లు వేశారు. ఫొటోలు వేశారు. ఆ రోజు మా ఇంటిదాని పేరు వేయలేదేంటండీ? పైనేమో నా ఫొటో. లోపలేమో ‘పిడుగు భార్య’ అని. అంతే. ఊళ్లో ఎవరినడిగినా చెప్పేవాళ్లు కదండీ.”

అడిగినవాడి గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామని అడుగుతున్నాడంతే.

“ఏం పేరు?” అన్నాను.

“కోటేశ్వరమ్మ.”

హెడ్డింగు గురించి అడిగే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. ఇప్పుడు మీ చేతుల్లో పేపరే కాదు, థంబ్‌నెయిల్స్ ఉన్నాయి, అలర్టులు ఉన్నాయి. రెండో పేరా అసలే లేదు. అదిరిపోయే మాట తట్టినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇక్కడ ఎవరికి ఏం జరిగిందని అడగండి. ఆ మనిషి పేరు ముందు కాగితం మీద పెట్టండి. ఆ తర్వాత కూడా మీ మాట నిలబడితే వాడుకోండి.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని నేను అడగలేదు. నాగేశ్వరరావే చెప్పాడు.

“ఒక్కసారే నల్లగా కమ్మేసిందండీ. కాయలన్నీ కల్లంలో ఉన్నాయి. ఇద్దరం పరిగెత్తి పట్టా చెరో కొసా పట్టుకున్నాం. గాలికి నిలవట్లేదు. ఆమె నవ్వతానే ఉందండీ, చీర కొంగు నోట్లో పెట్టుకుని. ‘నీ కొస కూడా నాకిచ్చేయ్, నేను పట్టుకుంటాలే. నువ్వెళ్లి రాళ్లు పట్రా, బరువు పెడదాం’ అంది. నా కొస ఆమె చేతికిచ్చి గట్టు కాడికి వెళ్లా.”

చేలో గాలికి పత్తి ఆకులు కదులుతున్నాయి. అతను చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటి వంకే చూస్తున్నాడు.

“రాళ్లు ఎత్తుకుని వెనక్కి తిరిగానండీ” అన్నాడు.